తవుడుతో పోయే బలం

రాయచూరు జిల్లాలో సింధనూరు, మస్కి పట్టణాలకు చేరువలో బాళగనూరు ఉంది. ఈ ప్రాంతంలో నల్లరేగడి నేలలు ఎక్కువ. తరతరాలుగా ఇక్కడి ప్రజల ముఖ్యాహారం జొన్నరొట్టె. 1953లో తుంగభద్ర ఆనకట్టలో నీరు నిలిచింది. ఆ తరువాత ఎడమగట్టు కాలువ నీరు క్రమంగా ఈ పొలాలకు చేరింది. మెట్ట పంటలు పండిన చోట్ల వరిమళ్లు వెలిశాయి. కోస్తా ఆంధ్ర జిల్లాల నుండి ఎన్నో రైతు కుటుంబాలు తరలివచ్చి కాలువల వెంబడి స్థిరపడ్డాయి. వారి పల్లెలను నేటికీ ‘క్యాంపులు’ అనే పిలుస్తారు. ఈ విధంగా తరతరాలుగా జొన్నరొట్టె తిన్నవారూ, తరతరాలుగా వరి అన్నం తిన్నవారూ ఇరుగుపొరుగు వారయ్యారు.

ఈ రెండు ఆహారాల వెనుక రెండు వ్యాధుల చరిత్ర ఉంది. ఉత్తర సర్కారులనబడిన కోస్తా జిల్లాలలో బియ్యం తినే పేదలను ఒకప్పుడు బెరిబెరి అనే వ్యాధి పీడించింది. దక్కను పీఠభూమిలో జొన్న తప్ప మరొకటి దొరకని కూలీలను పెల్లాగ్రా అనే వ్యాధి బాధించింది. ఒకటి కాళ్లను చచ్చుబరచి గుండెను దెబ్బతీసేది. రెండవది చర్మాన్ని నల్లబరచి చివరకు మతిని చెడగొట్టేది. ఈ రెండింటికీ కారణం రోగక్రిములు కావు; తిండిలో కలిసిన విషమూ కాదు. తిండిలో ఉండవలసినది లేకపోవడమే వాటికి కారణం. అలా లోపించిన పదార్థాలు ఒకే కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబం పేరే బి విటమినులు.

మనం తినే ఆహారంలో పిండి పదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు ఉంటాయి. పిండి పదార్థాలు, కొవ్వులు శరీరానికి ప్రధానంగా శక్తినిస్తాయి. మాంసకృత్తులు కండను పెంచుతాయి. వీటిని మనం రోజూ పదుల, వందల గ్రాముల కొలదీ తింటాం. బి విటమినులు అలా కాదు. పెద్దవారికి రోజుకు కావలసిన బి1 విటమిను సుమారు ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు మాత్రమే. మిల్లీగ్రామంటే గ్రాములో వెయ్యవ వంతు. బి12 విటమిను ఇంకా తక్కువ; రెండు మూడు మైక్రోగ్రాములు చాలు. మైక్రోగ్రామంటే మిల్లీగ్రాములో వెయ్యవ వంతు. కంటికి ఆనని ఈ కొద్దిపాటి పదార్థం కొరవడితే కడుపునిండా తిన్న మనిషి కూడా నీరసించిపోతాడు.

ఇది ఎలా జరుగుతుంది? పొయ్యిలో కట్టెలు నిండుగా ఉన్నా గాలి అందకపోతే మంట సరిగా రాదు, పొగ చూరుతుంది. ఊదుగొట్టంతో ఊదితే కట్టె అంటుకుంటుంది. ఊదుగొట్టం కట్టె కాదు, దానివల్ల వేడి పుట్టదు. కాని అది లేనిదే కట్టెలోని వేడి బయటికి రాదు. శరీరంలో బి విటమినుల పని ఇంచుమించు ఇటువంటిది. అవి శక్తినిచ్చే పదార్థాలు కావు. తిన్న అన్నాన్నీ రొట్టెనూ జీవకణాలు శక్తిగా మార్చుకునేటప్పుడు ఎంజైములనే పదార్థాలు పనిచేస్తాయి. ఆ ఎంజైములలో చాలా వాటికి బి విటమినులు తోడు నిలవాలి. తోడు లేకపోతే పని మధ్యలో ఆగిపోతుంది. మెదడు, నరాలు, గుండె ఎడతెగకుండా పనిచేసే అవయవాలు కాబట్టి లోపం ముందుగా వాటిలో బయటపడుతుంది. రక్తకణాలు, చర్మం, నాలుక, పేగుల లోపొర ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంటాయి కాబట్టి అక్కడ కూడా లోపం త్వరగా కనిపిస్తుంది.

ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. 19వ శతాబ్దం చివర డచ్చి వారి పాలనలో ఉన్న జావా ద్వీపంలో బెరిబెరి విపరీతంగా వ్యాపించింది. దానికి కారణమైన క్రిమిని కనిపెట్టడానికి క్రిస్టియన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బటేవియా నగరంలో పరిశోధన చేస్తున్నాడు. ఆ నగరమే ఇప్పటి జకార్తా. ప్రయోగశాలలో ఆయన పెంచుతున్న కోళ్లకు ఒకనాడు కాళ్లు చచ్చుబడ్డాయి. అవి అచ్చంగా బెరిబెరి రోగుల వలెనే తూలిపడేవి. కొంతకాలానికి మందేదీ ఇవ్వకుండానే అవి తేరుకున్నాయి. ఐక్‌మన్ ఆశ్చర్యపోయి విచారించగా ఒక విషయం తెలిసింది. అంతకుముందు కోళ్లకు సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నం పెట్టేవారు. తరువాత వచ్చిన వంటవాడు సైనికుల బియ్యం కోళ్లకు పెట్టడానికి ఒప్పుకోలేదు. అందుచేత వాటికి పైపొర తీయని చవక బియ్యం వేశారు. కోళ్లు కోలుకున్నది ఆ బియ్యంతోనే!

జావాలో వందకు పైగా జైళ్లను పరిశీలించగా ఇదే సంగతి రూఢి అయింది. తెల్లగా పాలిష్ చేసిన బియ్యం పెట్టిన జైళ్లలో బెరిబెరి ఎక్కువగా ఉంది. ముడిబియ్యం పెట్టిన చోట చాలా అరుదు. అయితే తెల్ల బియ్యంలో ఏదో విషం ఉన్నదనీ, తవుడు దానికి విరుగుడనీ ఐక్‌మన్ మొదట భావించాడు. 1901లో ఆయన తోటి పరిశోధకుడు గెరిట్ గ్రైన్స్ అసలు కారణం సూచించాడు. తెల్ల బియ్యంలో విషం లేదు. తవుడులో ఉన్న ఒక ముఖ్య పదార్థం అందులో లేదు. 1912లో కాసిమిర్ ఫంక్ అనే పోలండు శాస్త్రజ్ఞుడు ఇటువంటి పదార్థాలకు ‘విటమిన్’ అనే మాటకు మూలమైన పేరు పెట్టాడు. లాటిన్ భాషలో ‘వీటా’ అంటే ప్రాణం. తవుడులోని ఆ పదార్థాన్ని 1926లో జావాలోనే శుద్ధ రూపంలో వేరుచేశారు. అదే బి1 విటమిను, అనగా థయమిన్. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి లభించింది.

వడ్లగింజను ఒకసారి పరిశీలించండి. అన్నిటికీ పైన గరుకైన ఊక ఉంటుంది. దాని కింద గోధుమ రంగులో సన్నని పొర ఉంటుంది. గింజ మొనలో చిన్న మొలక దాగి ఉంటుంది. లోపల తెల్లని పిండి భాగం ఉంటుంది. ఊక తినడానికి పనికిరాదు. గోధుమ రంగు పొర, మొలక కలిసి తవుడుగా పోతాయి. గింజలోని బి విటమినులలో ఎక్కువ భాగం ఉన్నది ఈ పొరలోనూ మొలకలోనే. రోకటితో దంచినప్పుడు తవుడు కొంత మాత్రమే పోయేది. మరబట్టినప్పుడు, మల్లెపూవులా తెల్లగా వచ్చే వరకు పాలిష్ పట్టినప్పుడు దాదాపు అంతా పోతుంది. మనిషి తెల్లని పిండి తిని, బలమంతా గేదెకు వేస్తాడు.

తెలుగు నేలపై బెరిబెరి చరిత్ర చాలా పాతది. 1835లోనే మాల్కంసన్ అనే వైద్యుడు మద్రాసులో ఈ వ్యాధి గూర్చి ఒక గ్రంథం ప్రచురించాడు. ఉత్తర సర్కారులలో ఈ వ్యాధి ఎక్కువగా ఉండేది. రోగికి మొదట పాదాలు తిమ్మిరెక్కేవి. తరువాత పిక్కలు నొప్పి పుట్టి, నడక తడబడేది. కొందరికి కాళ్లూ ముఖమూ నీరుపట్టి, గుండె బలహీనపడి ప్రాణం పోయేది. తల్లికి ఈ లోపముంటే చనుబాలు తాగే పసిబిడ్డకు కూడా వ్యాధి సోకినట్లే వచ్చి, కొద్ది గంటలలోనే ప్రాణం తీసేది. బియ్యం తినే తమిళ, మలయాళ ప్రాంతాలలో ఈ వ్యాధి ఇంతగా లేకపోవడం వైద్యులకు వింతగా తోచింది. ఆ రహస్యం వారి వంటింట్లోనే దొరికింది. అక్కడ పేదలు తినేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. ఉత్తర సర్కారులలో తినేది పచ్చి బియ్యం.

ఉప్పుడు బియ్యం చేసేటప్పుడు వడ్లను ముందుగా నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఎండబెట్టి తరువాత మరపడతారు. బి విటమినులు నీటిలో కరిగేవి. నానినప్పుడు, ఉడికినప్పుడు పైపొరలోని విటమినులు నీటితోబాటు గింజ లోపలికి ఇంకుతాయి. ఆ తరువాత మరబట్టినా చాలా భాగం గింజలోనే నిలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన ఆహార పట్టికలు ఈ తేడాను స్పష్టంగా చూపాయి. 100 గ్రాముల మర పచ్చి బియ్యంలో థయమిన్ 0.06 మిల్లీగ్రాములు. దంపుడు బియ్యంలో 0.21. మరబట్టిన ఉప్పుడు బియ్యంలో కూడా 0.21. జొన్నలలో 0.37. వేరుసెనగలో 0.90. తవుడులో 2.70 మిల్లీగ్రాములు! ఏ శాస్త్రమూ తెలియని పూర్వులు నిలవ కోసం, రుచి కోసం అలవరచుకున్న ఒక పద్ధతి లక్షల ప్రాణాలను కాపాడిందన్న మాట.

ఈ పట్టికలు తయారుచేసిన సంస్థ పుట్టుకకు కారణం కూడా బెరిబెరి వ్యాధే. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ అనే వైద్యుడు నీలగిరులలోని కూనూరులో ఒకే ఒక గదిలో బెరిబెరి పరిశోధన ఆరంభించాడు. అది పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. అన్నం తినేవారి వ్యాధి కోసం పుట్టిన ఈ సంస్థకు హైదరాబాదు చేరగానే జొన్న తినేవారి వ్యాధి ఎదురైంది.

పెల్లాగ్రా అనే మాట ఇటలీ దేశానిది. ‘గరుకు చర్మం’ అని దాని అర్థం. ఈ వ్యాధిలో ఎండ తగిలే చోట్ల, అనగా మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద చర్మం కమిలి నల్లబడి పొలుసులుగా లేస్తుంది. నాలుక ఎర్రగా పుండవుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. నిద్ర పట్టదు. దిగులు, కోపం, మరపు పెరిగి చివరకు మతి చలిస్తుంది. ఐరోపాలోనూ అమెరికాలోనూ మొక్కజొన్న మాత్రమే తిని బ్రతికే పేదలలో ఇది కనిపించేది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో దీనిని అంటువ్యాధిగా భావించి భయపడేవారు. 1914లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడిని ప్రభుత్వం అక్కడికి పంపింది. అనాథాశ్రమంలో పిల్లలకు వ్యాధి వచ్చినా వారిని చూసుకునే సిబ్బందికి రాకపోవడం ఆయన గమనించాడు. పిల్లల తిండిలో పాలు, గుడ్లు, మాంసం చేర్పించాడు. వ్యాధి మాయమైంది. అయినా కొందరు నమ్మలేదు. అప్పుడు ఆయన, ఆయన సహచరులు రోగుల రక్తాన్ని తమ శరీరంలోకి ఎక్కించుకున్నారు. వారికి వ్యాధి రాలేదు. అది అంటువ్యాధి కాదని అలా రుజువైంది. లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లమని 1937లో కాన్రాడ్ ఎల్వేజమ్ కనుగొన్నాడు. దీనినే నియాసిన్ లేదా బి3 విటమిను అంటారు.

దక్కనులో ఈ వ్యాధి మొక్కజొన్న తిననివారిలో కూడా కనిపించింది. హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చిన పెల్లాగ్రా రోగులు చాలావరకు జొన్న తినే నిరుపేదలు. మానసిక వైద్యశాలలో చేరిన వారిలో కూడా ఈ వ్యాధి ఉన్నవారు కనిపించారు. మతి చెడినదని తెచ్చిన మనిషికి కావలసింది విటమిను అయిందన్న మాట! డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య ఈ విషయమై పరిశోధన చేశారు. జొన్నలో నియాసిన్ మరీ తక్కువేమీ కాదు. మరి వ్యాధి ఎందుకు వస్తుంది? మాంసకృత్తులలో ఉండే ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుండి కూడా శరీరం కొంత నియాసిన్ తయారుచేసుకుంటుంది. జొన్నలోని మాంసకృత్తులలో ల్యూసిన్ అనే మరొక పదార్థం ఎక్కువ. ఆ ల్యూసిన్ అధికమై నియాసిన్ తయారీకి అడ్డు తగులుతుందని వారు 1960లో ప్రతిపాదించారు. ఆ తరువాత ఇతర చోట్ల జరిగిన ప్రయోగాలన్నీ దీనిని సమర్థించలేదు. కాని ఒక సంగతిలో అందరూ ఏకీభవించారు. పాలు, పప్పు, ఆకుకూరలు లేకుండా మూడు పూటలూ ఒకే ధాన్యం తినడం ప్రమాదకరం.

అంటే జొన్న చెడ్డదని కాదు. థయమిన్ విషయంలో అది మర బియ్యం కన్నా ఎంతో మేలు. లోపం జొన్నలో లేదు. జొన్న ఒక్కదానితోనే సరిపెట్టుకోవలసిన పేదరికంలో ఉంది. రాయచూరు ప్రాంతంలో జొన్నరొట్టెకు వేరుసెనగ పొడి, పప్పు, ఆకుకూర, పెరుగు జోడించి తింటారు. వేరుసెనగలో నియాసిన్ సమృద్ధిగా ఉంది. 100 గ్రాములలో దాదాపు 20 మిల్లీగ్రాములు ఉన్నట్లు పై పట్టికలు చెప్పాయి. పప్పు, పెరుగు ట్రిప్టోఫాన్‌ను అందిస్తాయి. రొట్టె మీద వేసిన ఒక చెంచా పొడి రుచికి మాత్రమే కాదు. ఆహారంలో వైవిధ్యం పెరిగిన కొద్దీ ఈ వ్యాధి దక్కనులో బాగా తగ్గిపోయింది.

బి విటమినులలో మరొక ముఖ్యమైనది ఫోలిక్ ఆమ్లం. దీని కథలో ఒక భాగం బొంబాయిలో, ఒక భాగం భీమవరంలో మొదలవుతుంది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చింది. బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులలో తీవ్రమైన రక్తహీనత కనిపించేది. ఇనుము ఇచ్చినా వారికి గుణం కనిపించలేదు. ఆమె ఈస్టు నుండి తీసిన ఒక చవకైన సారాన్ని వారికి తినిపించింది. కొద్ది రోజులలోనే వారి రక్తం పుంజుకుంది. ఈస్టులో ఏదో ఉన్నది. అది ఏమిటో ఎవరికీ తెలియదు. 1941లో ఆ పదార్థాన్ని పాలకూర వంటి ఆకుల నుండి వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లాటిన్‌లో ‘ఫోలియం’ అంటే ఆకు.

అదే కాలంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దీని కోసం శ్రమిస్తున్న బృందానికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయనే ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఈ వ్యాధిలో పేగులు ఆహారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణిస్తాడు. సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో అమెరికా చేరాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాలలో శక్తి నిలువ ఉండే పదార్థాలను కనుగొన్నాడు. 1940లో లెడర్లీ సంస్థలో చేరాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. కాలేయం నుండీ ఆకుల నుండీ చిటికెడు తీయడానికి కష్టపడిన పదార్థం ఇక ప్రయోగశాలలో తయారై మందుగా అందింది. స్ప్రూ రోగులకు అది సంజీవనిలా పనిచేసింది. తన ఇంటిలో ఇద్దరిని బలిగొన్న వ్యాధిపై ఆయన సాధించిన విజయమది. 1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశాడు. 1995లో ఆయన శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఫోలిక్ ఆమ్లం కొత్త కణాలు పుట్టడానికి అవసరం. అందువలననే ఎముకల మూలుగలో రక్తకణాలు తయారయ్యే చోట దాని అవసరం ఎక్కువ. తల్లి గర్భంలోని శిశువుకు మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునేది మొదటి నాలుగు వారాలలోనే. అప్పుడు ఈ విటమిను చాలకపోతే వెన్నుపాము సరిగా మూసుకోదు. ముందుగానే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఈ లోపాలు చాలావరకు రాకుండా చూడవచ్చునని 1991లో వెల్లడైన ఒక పెద్ద పరిశోధన నిరూపించింది. పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే ఐరన్–ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనుక ఇంత కథ ఉంది. చేదనో వికారమనో దానిని పారవేసే పిల్లలు పారవేస్తున్నది దీనినే.

ఫోలిక్ ఆమ్లానికి జతగా పనిచేసేది బి12 విటమిను. ఫోలిక్ ఆమ్లం ఒక రకం రక్తహీనతలో రక్తాన్ని బాగుచేసినా, నరాల జబ్బు మాత్రం ఆగలేదు. నరాలను కాపాడేది వేరొకటి ఉన్నదని వైద్యులు గ్రహించారు. 1948లో కాలేయం నుండి ఎర్రని స్ఫటికాల రూపంలో బి12 బయటపడింది. దీని నిర్మాణాన్ని డొరతీ హాడ్జ్‌కిన్ అనే శాస్త్రజ్ఞురాలు ఎక్స్‌కిరణాల సాయంతో ఛేదించింది; 1964లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. బి12కు ఒక విశేషముంది. దీనిని మొక్కలు తయారుచేయలేవు. సూక్ష్మజీవులు మాత్రమే తయారుచేయగలవు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారా అది మనకు అందుతుంది. శాకాహారులు పాలు, పెరుగు మానకూడదనడానికి కారణమిదే. మిగిలిన బి విటమినులను శరీరం ఎక్కువ కాలం నిలువ చేసుకోలేదు. థయమిన్ నిలువ రెండు మూడు వారాలకే తరిగిపోతుంది. బి12 మాత్రం కాలేయంలో సంవత్సరాల తరబడి నిలుస్తుంది. కాబట్టి దీని లోపం చాలా ఆలస్యంగా, చాప కింద నీరులా బయటపడుతుంది. అరికాళ్ల తిమ్మిర్లు, అలసట, మతిమరపు దాని గుర్తులు.

బి కుటుంబంలో మొత్తం ఎనిమిది విటమినులు ఉన్నాయి. పైన చెప్పిన నాలుగూ కాక బి2 అనే రైబోఫ్లేవిన్ ఉంది. ఇది లోపిస్తే పెదవుల మూలలు పగిలి, నాలుక మండుతుంది. పల్లె పిల్లలలో ఇది తరచుగా కనిపిస్తుంది. పాలలో రైబోఫ్లేవిన్ బాగా ఉంటుంది. అయితే ఎండ తగిలితే నశిస్తుంది. బి6 అనే పైరిడాక్సిన్ మాంసకృత్తులను శరీరం వాడుకోవడానికి తోడ్పడుతుంది. ట్రిప్టోఫాన్ నుండి నియాసిన్ తయారు కావడానికీ ఇది కావాలి. పాంటోథెనిక్ ఆమ్లం, బయోటిన్ చాలా ఆహారాలలో ఉంటాయి కాబట్టి వాటి లోపం అరుదు. ఈ ఎనిమిదీ ఒకదానికొకటి చేదోడు. ఒకటి చాలనప్పుడు తరచుగా మరొకటి కూడా చాలదు.

విటమినులు పొలంలో పండుతాయి, వంటింట్లో పోతాయి. బియ్యాన్ని పదే పదే కడిగి ఆ నీళ్లు పారబోస్తే నీటిలో కరిగే విటమినులు వాటితోబాటే పోతాయి. ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి గంజి వంచితే మరికొంత పోతుంది. కూరలను ముందుగా తరిగి నీళ్లలో వేసి ఉంచడం, చాలాసేపు ఉడికించడం ఫోలిక్ ఆమ్లానికి చేటు. పప్పు త్వరగా ఉడకాలని వంట సోడా వేస్తే థయమిన్ నశిస్తుంది. అందుచేత బియ్యాన్ని ఒకటి రెండుసార్లు తేలికగా కడిగి, ఇంకిపోయేంత నీటితోనే వండాలి. గంజి వంచితే చారులోనో మజ్జిగలోనో కలిపి తాగాలి. ఆకుకూరలను ముందు కడిగి తరువాత తరగాలి. మినప్పప్పు, బియ్యం కలిపి రుబ్బి పులియబెట్టిన ఇడ్లీ పిండిలో కొన్ని బి విటమినులు పెరుగుతాయి. మొలకెత్తిన పెసలలోనూ అంతే.

మరలో పోయిన దానిని తిరిగి కలిపే ప్రయత్నాలు కూడా జరిగాయి. పేదలకు ప్రభుత్వ పథకాల ద్వారా ఇచ్చే బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చి పంపిణీ చేస్తామని భారత ప్రభుత్వం 2021 ఆగస్టు 15న ప్రకటించింది. మాత్రల అవసరం కొందరికి ఉంటుంది. గర్భిణులకు, కొన్ని వ్యాధులున్నవారికి వైద్యులు వాటిని ఇస్తారు. కాని బలం కోసమని ఎవరికి వారే కొనుక్కొని మింగడం మంచిది కాదు. ఉదాహరణకు బి6 మితిమీరి చాలాకాలం తీసుకుంటే నరాలే దెబ్బతింటాయి.

బాళగనూరు వంటి ఊళ్లలో నేడు ఒకే వీధిలో జొన్నరొట్టె కాలుతుంది, వరి అన్నం ఉడుకుతుంది. ఒక ఇంటి రొట్టె, పప్పు పొరుగింటికి వెళతాయి. పొరుగింటి అన్నం, గోంగూర పచ్చడి ఈ ఇంటికి వస్తాయి. బెరిబెరి, పెల్లాగ్రా నేర్పిన పాఠం కూడా అదే. ఏ ధాన్యమూ ఒంటరిగా మనిషిని పోషించలేదు. ధాన్యానికి పప్పు, పప్పుకు ఆకుకూర, వాటికి పాలో పెరుగో గుడ్డో తోడు కావాలి. తెల్లదనం చూసి బియ్యం కొనేవారు తవుడుతోబాటు ఏమి పోయిందో ఒకసారి ఆలోచించాలి.

పదాలు – అర్థాలు

తవుడు = బియ్యాన్ని దంచినప్పుడు, మరబట్టినప్పుడు రాలే పైపొర పొడి
ఊక = వడ్లగింజ పై గరుకు తొడుగు
ఉప్పుడు బియ్యం = ముందుగా ఉడికించిన వడ్ల నుండి తీసిన బియ్యం
మాగాణి = నీటి వసతి గల వరి నేల
మాంసకృత్తులు = కండను పెంచే ఆహార పదార్థాలు
రూఢి అగు = నిశ్చయమగు
విరుగుడు = విషాన్ని పోగొట్టేది
మూలుగ = ఎముకల లోపలి మెత్తని పదార్థం
వైవిధ్యం = పలు రకాలుగా ఉండటం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. బి విటమినులను ఊదుగొట్టంతో ఎందుకు పోల్చారు?
2. ఐక్‌మన్ పెంచిన కోళ్లు ఎలా కోలుకున్నాయి?
3. శాకాహారులకు పాలు, పెరుగు ఎందుకు ముఖ్యం?
4. జాతీయ పోషకాహార సంస్థ మొదట ఎక్కడ, ఎందుకు ఆరంభమైంది?

ఆ. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. పెల్లాగ్రా అంటువ్యాధి కాదని గోల్డ్‌బర్గర్ ఎలా నిరూపించాడు?
2. ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని, ఫోలిక్ ఆమ్లం విషయంలో ఆయన కృషిని వివరించండి.
3. “లోపం జొన్నలో లేదు, జొన్న ఒక్కదానితోనే సరిపెట్టుకోవలసిన పేదరికంలో ఉంది.” ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.

ఇ. కింది జాతీయాలను సొంత వాక్యాలలో ఉపయోగించండి.
చాప కింద నీరు, చేదోడు, సంజీవనిలా పనిచేయు

ఈ. విడదీసి సంధి పేరు రాయండి.
ముఖ్యాహారం, శాకాహారులు, అందరూ

ఉ. చేయవలసిన పని
ఒక వారం పాటు మీ ఇంట్లో ప్రతి పూటా వండిన పదార్థాలను రాయండి. వాటిలో ధాన్యం, పప్పు, ఆకుకూర, పాలు లేదా గుడ్లు ఏ పూట ఉన్నాయో, ఏ పూట లేవో పట్టికగా వేసి తరగతిలో చర్చించండి.